గిండీ టీకా, కరోల్ బాగ్ ఆసుపత్రులు, ఒక కాన్సర్ చరిత్ర

ఢిల్లీలోని కరోల్ బాగ్ పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేవి గఫార్ మార్కెట్, అజ్మల్ ఖాన్ రోడ్డు మీది బట్టల దుకాణాలు, పక్కనే ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల. ఆ సొసైటీని దుర్గాబాయి 1948లో స్థాపించారు. అయితే ఈ ప్రాంతానికి మరొక చరిత్ర ఉన్నది. అది వైద్య చరిత్ర, అంతకుమించి వైద్య రాజకీయాల చరిత్ర.

ఇక్కడి టిబ్బియా కళాశాలను 1921 ఫిబ్రవరి 13న ప్రారంభించినది గాంధీ. దాని స్థాపకుడు హకీం అజ్మల్ ఖాన్ అదే సంవత్సరాంతంలో, అధ్యక్షుడిగా ఎన్నికైన చిత్తరంజన్ దాస్ జైలులో ఉన్నందున, అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ సంవత్సరమే లాహోరులో సర్ గంగారాం ఒక ధర్మాసుపత్రిని నెలకొల్పారు. దేశ విభజన దానిని సరిహద్దుకు అవతల వదిలివేసింది. అదే పేరుతో కరోల్ బాగ్ పొరుగున, రాజేందర్ నగర్‌లో కొత్త ఆసుపత్రికి నెహ్రూ 1951లో శంకుస్థాపన చేసి 1954లో ప్రారంభించారు. పూసా రోడ్డు మీది బి.ఎల్.కపూర్ ఆసుపత్రిని కూడా 1959లో నెహ్రూయే ప్రారంభించారు. శరణార్థుల కాలనీల నడుమ ధర్మసంస్థలుగా మొదలైన ఇవి నేడు ఉత్తర భారతమంతటి నుంచీ రోగులు వచ్చే పెద్ద ఆసుపత్రులు.

1921లోనే జరిగిన మరొక ఘటనకు కరోల్ బాగ్‌తో అప్పట్లో ఏ సంబంధమూ లేదు. ఆ జులైలో పారిస్‌లో ఒక పసిబిడ్డకు తొలిసారిగా బీసీజీ టీకా నోటి ద్వారా ఇచ్చారు. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశువుల క్షయ క్రిమిని పదమూడేళ్ల పాటు, 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని విషాన్ని హరించి తయారు చేసిన టీకా అది. క్షయ కోసం పుట్టిన ఆ టీకా అర్ధ శతాబ్దం తర్వాత మూత్రాశయ కాన్సర్‌కు ప్రధాన ఔషధమైంది. ఇప్పటికీ దానిని పూర్తిగా తోసిరాజన్న మందు రాలేదు.

మూత్రాశయ కాన్సర్ గురించి మన సమాజంలో మాట్లాడటం అరుదు. నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడటం దాని మొదటి లక్షణం. ఒకసారి పడి ఆగిపోతుంది గనుక రోగి మరచిపోతాడు. స్త్రీలలోనైతే మూత్రనాళ ఇన్ఫెక్షన్‌గా భావించి నెలల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు రాస్తూ పోవడం ప్రపంచమంతటా కనిపించే పొరపాటు. గుర్తించేనాటికి దాదాపు నాలుగింట మూడు వంతుల కేసులలో వ్యాధి ఇంకా మూత్రాశయపు కండరంలోకి పోయి ఉండదు. గొట్టం పంపి గడ్డను గీకి తీస్తారు. అయితే తీసినది మళ్ళీ మొలవడం ఈ వ్యాధి స్వభావం. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు బీసీజీ ద్రావణాన్ని మూత్రాశయంలోకి ఎక్కించి, రెండు గంటలు నిలిపి ఉంచుతారు. బతికి ఉన్న ఆ క్రిములను చూసి శరీర రక్షణ వ్యవస్థ మేల్కొని, వాటితో పాటు కాన్సర్ కణాలపై కూడా దాడి చేస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మూడు నెలలకో, ఆరు నెలలకో లోపల కెమెరాతో పరీక్ష. ఒక్కో రోగికి జీవితకాలంలో అయ్యే ఖర్చును బట్టి చూస్తే అత్యంత ఖరీదైన కాన్సర్లలో ఇదొకటి.

ఈ వైద్యాన్ని కనిపెట్టినది కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేసిన అల్వరో మొరాలెస్. తొమ్మిది మంది రోగులపై ఫలితాలను 1976లో ప్రచురించారు. ఆరు వారాలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు విచిత్రమైనది: ఆయనకు దొరికిన టీకా ఆరు సీసాల పెట్టెలో వచ్చేది! ప్రపంచమంతటా నేటికీ పాటిస్తున్న లెక్క ఆ అట్టపెట్టె నుంచి వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1990లో ఈ చికిత్సకు ఆమోదం ఇచ్చింది.

భారతదేశంలో బీసీజీ కథ తెలుగు నేలపై మొదలైంది. 1948 ఆగస్టులో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానటోరియం కేంద్రంగా టీకాల పని ఆరంభమైంది. అదే సంవత్సరం మద్రాసు గిండీలో కేంద్ర ప్రభుత్వం బీసీజీ లాబొరేటరీని నెలకొల్పింది. 1951 నుంచి టీకాల కార్యక్రమం దేశవ్యాప్త ఉద్యమంగా సాగింది. దానిని బహిరంగంగా ఎదిరించిన ప్రముఖుడు రాజాజీ. ముఖ్యమంత్రి పదవి వదిలిన మరుసటి ఏడు, 1955లో, తన వ్యతిరేకతకు కారణాలు చెబుతూ పుస్తకమే ప్రచురించారు. బతికి ఉన్న క్రిములను కోట్లాది పిల్లల శరీరాల్లోకి పంపే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదన్నది ఆయన వాదనకు మూలం. ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ వెనక్కి తగ్గలేదు. తర్వాత చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన భారీ ప్రయోగం, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా అడ్డుకోలేదని తేల్చింది. పసిబిడ్డలను తీవ్రమైన క్షయ రూపాల నుంచి కాపాడుతుంది గనుక టీకా కొనసాగింది. రాజాజీ భయపడిన ఆ సజీవ క్రిమి శక్తే కాన్సర్‌పై పనిచేస్తుందని ఆయనకూ తెలియదు, ఆయన ప్రత్యర్థులకూ తెలియదు.

గిండీ లాబొరేటరీ కాలక్రమంలో పసిపిల్లల టీకాతో పాటు మూత్రాశయ కాన్సర్ చికిత్స కోసం 40 మిల్లీగ్రాముల బీసీజీని కూడా తయారు చేసింది. ఒక ప్రభుత్వ సంస్థ, లాభాపేక్ష లేకుండా, ఒక కాన్సర్ మందును దేశంలోనే ఉత్పత్తి చేసిన అరుదైన సందర్భమిది. దీనిని ఎవరూ ఘనంగా చెప్పుకోలేదు. 2008 జనవరిలో గిండీ, కూనూరు, కసౌలీలలోని మూడు ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులను నాణ్యతా ప్రమాణాలు లేవన్న కారణంతో సస్పెండ్ చేశారు. అప్పటి ఆరోగ్య మంత్రి అన్బుమణి రామదాస్. ప్రమాణాల లోపాలు ఉండవచ్చు. లోపాలుంటే డబ్బిచ్చి సరిదిద్దవలసిన యజమాని కేంద్ర ప్రభుత్వమే. యజమానే తన కర్మాగారానికి తాళం వేసి, ప్రైవేటు కంపెనీల వద్ద కొనుగోలుకు నిలబడిన వైనం పార్లమెంటులో, సుప్రీం కోర్టులో ప్రశ్నలకు దారితీసింది. జావేద్ చౌదరి కమిటీ ఏర్పడింది. 2010లో సస్పెన్షన్ ఎత్తివేశారు. ఆనాటి చర్చంతా పసిపిల్లల టీకాల చుట్టూ తిరిగింది, అది న్యాయమే. మూత్రాశయ కాన్సర్ రోగుల పక్షాన మాట్లాడే సంఘం అప్పటికి ఏదీ వినిపించలేదు.

ఆ మందును కొద్దిమంది తయారీదారుల చేతుల్లో వదిలితే ఏమవుతుందో కెనడా అనుభవం చూపింది. 2012లో టొరంటోలోని సనోఫీ కర్మాగారం వరద నీటిలో మునిగి ఉత్పత్తి ఆగింది. తర్వాత తిరిగి మొదలైనా, 2016లో ఆ కంపెనీ తయారీని పూర్తిగా వదులుకుంటున్నట్లు ప్రకటించింది. అమెరికాకు మిగిలిన సరఫరాదారు మెర్క్ ఒక్కటే. ఆ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, ఒక్కో బ్యాచ్‌కు నెలలు పడుతుంది, పేటెంటు లేదు, లాభం తక్కువ. కంపెనీలకు ఆసక్తి లేకపోవడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. సంపన్న దేశాల డాక్టర్లు ఒక సీసాను ముగ్గురు రోగులకు పంచవలసి వచ్చింది. 2005లో అమెరికాలో ఏర్పడిన బ్లాడర్ కాన్సర్ అడ్వకసీ నెట్‌వర్క్ వంటి రోగుల సంఘాలు ఆ కొరతను రాజకీయ సమస్యగా మార్చాయి. మన దేశంలో ప్రధాన తయారీదారు పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్. ప్రభుత్వ రంగానికి ప్రత్యామ్నాయంగా చెంగల్పట్టులో 594 కోట్ల రూపాయలతో తలపెట్టిన సమగ్ర టీకా సముదాయం 2012లో ఆమోదం పొందింది. బీసీజీ కూడా దాని జాబితాలో ఉన్నది. 2021లో కోవిడ్ రెండవ ఉద్ధృతి నాటికి కూడా అక్కడ ఒక్క సీసా తయారు కాలేదు. దానిని రాష్ట్రానికి అప్పగించమని స్టాలిన్ ప్రధానికి లేఖ రాయవలసి వచ్చింది.

వ్యాధి కండరంలోకి పాకిన వారికి బీసీజీ చాలదు. 1985లో న్యూయార్కు డాక్టర్లు నాలుగు మందుల కలయికను ప్రకటించారు. అందులో మొదటిదైన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల చేసిన పరిశోధనల ఫలం. మదనపల్లెలో బీసీజీ మొదలైన ఆ 1948 ఆగస్టులోనే ఆయన న్యూయార్కులో మరణించారు. రెండవదైన విన్‌బ్లాస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. టిబ్బియా కళాశాల పరిశోధనాలయంలో సలీముజ్జమా సిద్దిఖీ 1931లో సర్పగంధి వేరు నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేసి, అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలీన్ అని నామకరణం చేశారు. మూలికను ప్రయోగశాలకు తీసుకువెళ్లే ఆ దారి కరోల్ బాగ్‌లో ఆనాడే తెరుచుకున్నది. బిళ్ళగన్నేరులోని మందును 1950లలో కనుగొన్నది మాత్రం కెనడా వారు.

ఇప్పుడు కొత్త మందులు ఇమ్యునోథెరపీ రూపంలో వస్తున్నాయి. కండరంలోకి పాకిన మూత్రాశయ కాన్సర్‌కు శస్త్రచికిత్సకు ముందూ వెనుకా డుర్వాలుమాబ్ ఇస్తే మేలని 2024లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చెప్పాయి. అదే ఏడు జులై బడ్జెట్‌లో ఆ మందుపై కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు. సెప్టెంబరులో జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను తగ్గింది, పేటెంటు యజమాని నిర్ణయించే ధర దాని దారిన అది ఉన్నది.

ఇక కారణం సంగతి. 1895లోనే జర్మనీ డాక్టర్ లుడ్విగ్ రెన్ రంగుల కర్మాగార కార్మికులలో ఈ కాన్సర్‌ను గుర్తించారు. అయితే నేడు ప్రధాన కారణం పొగాకు. పొగలోని విషాలు నెత్తురులో కలిసి, మూత్రపిండాల ద్వారా వడగట్టబడి, మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తాయి. బీడీ తాగేవాడికి గొంతు గుర్తుంటుంది గాని మూత్రాశయం గుర్తుండదు. గుంటూరులో పొగాకు బోర్డు నడిపే ప్రభుత్వమే ప్యాకెట్లపై హెచ్చరిక బొమ్మలూ వేయించాలి. 2015లో ఆ బొమ్మలను 85 శాతానికి పెంచే నిబంధన ఒక ఏడాది వాయిదా పడింది. పొగాకుకూ కాన్సర్‌కూ సంబంధం చెప్పే భారతీయ అధ్యయనాలు లేవని అప్పట్లో వాదించినది పార్లమెంటరీ కమిటీ అధ్యక్షుడైన దిలీప్ గాంధీ.

ఢిల్లీలో రోగుల పక్షాన నిలిచిన వారు లేకపోలేదు. కాన్సర్ నుంచి కోలుకున్న హర్మాలా గుప్తా 1996లో స్థాపించిన కాన్‌సపోర్ట్, చివరి దశలోని రోగుల ఇళ్లకు వెళ్లి ఉపశమన వైద్యం అందిస్తున్నది. చౌకగా ప్రభుత్వ భూమి పొందిన ప్రైవేటు ఆసుపత్రులు పేదలకు పది శాతం పడకలు, బయటి రోగుల విభాగంలో 25 శాతం సేవలు ఉచితంగా ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2007లో ఆదేశించింది. సుప్రీం కోర్టు 2018లో ఆ సూత్రాన్ని సమర్థించింది. ఆయుష్మాన్ భారత్‌లో ఢిల్లీ చేరినది 2025 ఏప్రిల్‌లోనే. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోజుల ఖర్చుకు ఉద్దేశించినది. మూత్రాశయ కాన్సర్ రోగి ఆసుపత్రిలో పడుకునేది గడ్డ తీసిన రెండు మూడు రోజులు. ఆ తర్వాత వారం వారం బీసీజీ, మూడు నెలలకోసారి కెమెరా పరీక్ష, ఇవన్నీ ఉదయం వచ్చి సాయంత్రానికి ఇంటికి పోయే పనులు. అందువల్ల అతనికి కోర్టు తీర్పులోని పది శాతం కంటే ఆ 25 శాతమే ముఖ్యం. పత్రికలలో, అసెంబ్లీలో లెక్కలు అడిగేవారు మాత్రం ఎప్పుడూ పడకల లెక్కే అడుగుతున్నారు.