కాశీలో రూమ్ ఎక్కడ తీసుకోవాలి? యాప్ చెప్పని చరిత్ర

ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఒక తప్పు. ఆ తప్పు నాదే.

రెండేళ్ల కిందట అమ్మనీ, అమ్మమ్మనీ తీసుకుని కాశీ వెళ్లాను. మాది రాజమండ్రి పక్కన పల్లెటూరు. అమ్మమ్మకి అప్పటికి 78 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. రూమ్ బుక్ చేసే పని నాకు పడింది. బడ్జెట్ రోజుకి 3,000 రూపాయలు. మనందరం చేసేదే నేనూ చేశాను. ఫోన్‌లో యాప్ తెరిచి ఏసీ, లిఫ్ట్, ఫ్రీ టిఫిన్, 4 పైన రేటింగ్ అని టిక్కులు పెట్టాను. కంటోన్మెంట్ ఏరియాలో ఒక హోటల్ దొరికింది. గుడికి 5 కిలోమీటర్లు అని చూపించింది. ఐదు కిలోమీటర్లు ఎంతసేపు, ఆటోలో పావుగంట కదా అనుకున్నా.

మొదటి రోజు సోమవారం. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. గోదౌలియా కూడలి ఇంకా రాకముందే బారికేడ్లు అడ్డం. ఆటో ఆగిపోయింది. ఇక్కడి నుంచి నడవాల్సిందే అన్నాడు. జనం ప్రవాహంలా పోతున్నారు. అమ్మమ్మ పది నిమిషాలు నడిచి, మూసి ఉన్న ఒక చీరల కొట్టు అరుగు మీద కూలబడింది. "నువ్వూ అమ్మా వెళ్లి రండి నాన్నా, నేనిక్కడ కూర్చుంటాలే" అంది. అంత దూరం వచ్చిన మనిషిని కొట్టు అరుగు మీద వదిలేసి మేమెలా వెళ్తాం? వెనక్కి తీసుకొచ్చేశాం. రెండో రోజు వేళ మార్చి చూశాం. ట్రాఫిక్‌లోనే గంట దాటిపోయింది, ఆవిడకి కళ్లు తిరిగాయి. మాకున్నవి మూడు రోజులు. అందులో రెండు అలా పోయాయి.

హోటల్ బాగానే ఉంది. లిఫ్ట్ పనిచేసింది, టిఫిన్ కూడా బాగుంది. మరి తప్పెక్కడ జరిగింది? తిరిగొచ్చాక కాశీ చరిత్ర చదువుతుంటే నాకు సమాధానం దొరికింది. యాప్ మనకి దూరం చెబుతుంది, రేటు చెబుతుంది. ఆ పేటని ఎవరి కోసం కట్టారో మాత్రం చెప్పదు. కాశీలాంటి పాత ఊళ్లో అసలు సంగతి అదే. అదేంటో చూద్దాం.

ముందు పాతకాలం. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత మీరు వినే ఉంటారు. రైళ్లు లేని రోజుల్లో అది ఊరికే అన్న మాట కాదు. ఏనుగుల వీరాస్వామి గారని మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన తెలుగాయన ఉండేవారు. ఆయన 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట. వెంట దాదాపు వందమంది పరివారం. దారి పొడుగునా రాసుకున్నదంతా ఆయన పోయాక, 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో పుస్తకంగా వచ్చింది. తెలుగులో తొలి యాత్రా గ్రంథాల్లో అదొకటి.

అలా నెలల తరబడి నడిచి వచ్చినవాళ్లు కాశీలో ఎక్కడ దిగేవాళ్లు? తమ భాష మాట్లాడేవాళ్లు ఉన్నచోట. పురోహితులు మీదే ఊరు, ఇంటిపేరేంటి అని అడిగి ఎవరి వాళ్లని వాళ్లు తీసుకెళ్లేవారు. అందుకే గంగ ఒడ్డు భాషలవారీగా తయారైంది. బెంగాలీలది బెంగాలీ టోలా. పంచగంగ ఘాట్, దుర్గా ఘాట్ వైపు మరాఠీలు. హనుమాన్ ఘాట్ దగ్గర తమిళులు. కవి సుబ్రహ్మణ్య భారతి కుర్రాడిగా ఉన్నది ఆ హనుమాన్ ఘాట్‌లోనే. ఇక కేదార ఘాట్, మానససరోవర్ ఘాట్ ప్రాంతం మన తెలుగువాళ్లది. అక్కడి ఆంధ్రాశ్రమం పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చాలామందికి తెలిసే ఉంటుంది. కేదార ఘాట్ పక్కనే విజయనగరం ఘాట్ అని ఒకటుంది. అవును, మన విజయనగరం సంస్థానం పేరే.

అంటే ఈ పేటలన్నీ నడిచి వచ్చేవాళ్ల కోసం పుట్టినవి. లేవగానే నాలుగడుగులు వేస్తే గంగ. అందుకే సందులు ఇరుకు, ఇళ్లు ఎత్తు. లగేజీ, కారు, పార్కింగ్ వాళ్ల లెక్కలో లేవు.

ఇప్పుడు నేను దిగిన కంటోన్మెంట్ సంగతి. 1775లో అవధ్ నవాబు కాశీ ప్రాంతాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి వదిలేశాడు. కాశీ రాజు చేత్ సింగ్ ఇక కంపెనీకి కప్పం కట్టాలి. యుద్ధాల ఖర్చుకి ఇంకా డబ్బు, ఇంకా డబ్బు అని గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ పీడించాడు. 1781 ఆగస్టులో తానే స్వయంగా కాశీ వచ్చి, శివాలాలోని కోటలో రాజుని నిర్బంధించాడు. కాపలాగా రెండు కంపెనీల సిపాయిలని పెట్టాడు. వాళ్ల దగ్గర తుపాకులున్నాయి కానీ సరిపడా తూటాలు లేవు. ఈలోగా నదికి అవతలున్న రామ్‌నగర్ నుంచి రాజుగారి మనుషులు వచ్చి పడ్డారు. ఆ సిపాయిల్లో చాలామంది అక్కడే చనిపోయారు. ఆ గందరగోళంలో చేత్ సింగ్ తలపాగాలు ముడివేసి తాడులా చేసుకుని, గోడ మీంచి గంగలోకి దిగి పడవెక్కి పారిపోయాడు. హేస్టింగ్స్ కూడా రాత్రికి రాత్రి చునార్ కోటకి పరుగు తీశాడు. ఆ కోట ఇప్పటికీ ఉంది, చేత్ సింగ్ ఘాట్ అంటారు.

తెల్లవాళ్లు ఊరికి దూరంగా ఉండటానికి ఇదొక్కటే కారణం అని నేను అనను. ఏ ఊళ్లో అయినా కంటోన్మెంట్‌ని విడిగా కట్టుకోవడం వాళ్ల అలవాటే. కానీ కాశీ సందులంటే వాళ్లకి భయం ఎందుకో ఈ కథ వింటే అర్థమవుతుంది కదా? వాళ్ల బంగళాలు, మాల్ రోడ్డు, పరేడ్ గ్రౌండ్ అన్నీ ఊరికి వాయవ్యంగా, వరుణ నది వైపు వచ్చాయి. వెడల్పు రోడ్లు, చెట్లు, నిశ్శబ్దం. అక్కడ ఉండేవాళ్లకి పొద్దున్నే గంగ స్నానంతో పనిలేదు. ఊరి గోల వినపడకపోతే చాలు.

ఇప్పటికీ ఆ పేట స్వభావం అదే. ఖాళీ స్థలం ఉంది కాబట్టి పెద్ద హోటళ్లు అక్కడ కట్టగలిగారు. లిఫ్టూ పార్కింగూ ఇవ్వగలిగారు. నేను ఫోన్‌లో పెట్టిన టిక్కులన్నీ చూడండి, అన్నీ కంటోన్మెంట్ సుఖాలే. యాప్ నన్ను మోసం చేయలేదు. నేను అడిగిందే ఇచ్చింది. గంగకి దూరంగా ఉండాలనుకున్నవాళ్ల పేటలో, గంగ కోసం వచ్చిన ముసలావిడని దించింది నేనే.

మూడోది రైలు. 1887లో గంగ మీద రాజ్‌ఘాట్ దగ్గర డఫరిన్ బ్రిడ్జి వచ్చింది. ఇప్పుడు మాలవీయ బ్రిడ్జి అంటున్నాం. అంతకుముందు కలకత్తా వైపు నుంచి వచ్చే యాత్రికులు అవతలి ఒడ్డున దిగి నది దాటాల్సి వచ్చేది. రైలు సౌకర్యం పెరిగాక నెలల యాత్ర రోజుల్లోకి వచ్చేసింది. రెండు రోజులుండి వెళ్లిపోయే యాత్రికుడు పుట్టాడు. అతని కోసమే స్టేషన్ చుట్టూ లాడ్జీలు. ఇక్కడ ఒక జాగ్రత్త: కాశీకి స్టేషన్ ఒక్కటే కాదు. వారణాసి జంక్షన్, బనారస్, కాశీ అని వేరువేరు స్టేషన్లున్నాయి. మొఘల్‌సరాయ్‌గా మనకి తెలిసిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయితే నదికి అవతలే. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూశాకే రూమ్ వెతకండి.

నాలుగోది గోదౌలియా. అదే, మా ఆటో ఆగిపోయిన చోటు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? గోదావరి. నిజంగానే. గోదావరి అని పిలిచే ఒక చిన్న వాగు అక్కడ పారుతూ దశాశ్వమేధ ఘాట్ దగ్గర గంగలో కలిసేదట. ఆంగ్లేయుల కాలంలో దాన్ని పూడ్చి రోడ్డు వేశారు. ఊరి నడిమధ్య నుంచి గంగ దాకా వెడల్పుగా వెళ్లే దారి అయింది అది. అందుకే ఊళ్లో జనమంతా అందులోనే పడతారు. రద్దీ వేళల్లో బళ్లు అక్కడే ఆపేస్తారు. వాగు పోయింది కానీ ప్రవాహం పోలేదు, ఇప్పుడు జనం పారుతున్నారు.

దాని తర్వాత మార్పు దక్షిణాన వచ్చింది. 1916లో మదన్ మోహన్ మాలవీయ బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మొదలుపెట్టారు. దాని గేటు ముందు లంక అనే పేట, పక్కనే అస్సీ ఘాట్. స్టూడెంట్లు ఉండే చోటు కాబట్టి టీ కొట్లు, పుస్తకాల షాపులు, చవగ్గా భోజనం. రోడ్డు ఘాట్‌కి బాగా దగ్గరగా వస్తుంది. పొద్దున్నే హారతి కూడా ఉంటుంది.

చివరిది మొన్నటి కథ. 2021 డిసెంబర్ 13న విశ్వనాథ్ కారిడార్ ప్రారంభమైంది. అందుకోసం 300 పైగా కట్టడాలు కొని తీసేశారు. లలితా ఘాట్ నుంచి గుడికి నేరుగా దారి ఏర్పడింది. కొందరికి అది సౌకర్యం, ఆ సందుల్లో పుట్టి పెరిగిన కొందరికి పోయిన ఇల్లు. రెండూ నిజమే. 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకి మనవాళ్లు ఎంతమంది వెళ్లారో మీకు గుర్తుండే ఉంటుంది. గుడి చుట్టుపక్కల పాత ఇళ్లెన్నో ఇప్పుడు గెస్ట్‌హౌస్‌లే.

సరే, చరిత్ర అయింది. 2,000 నుంచి 4,000 లోపు బడ్జెట్ అయితే ఎక్కడ దిగాలి? నేను నేర్చుకున్నది చెబుతా.

చంటిపిల్లలున్నా, అర్ధరాత్రి రైలు దిగుతున్నా, సారనాథ్ కూడా చూడాలనుకున్నా కంటోన్మెంట్ మంచిదే. కాకపోతే గంగ అక్కడికి రాదు, మీరే వెళ్లాలి. రోజుకి రానూపోనూ రెండు గంటలు లెక్క వేసుకోండి.

కుర్రాళ్లు, ఒక బ్యాగు, నడవగలరు అంటే దశాశ్వమేధం వెనక సందులు. అర్ధరాత్రి కూడా ఊరు మేలుకునే ఉంటుంది. కానీ లిఫ్ట్ ఉందా, మెట్లు ఎన్ని, ఆటో దిగాక ఎంత నడవాలి అని ఫోన్ చేసి అడగండి.

నాలుగు రోజులు నిదానంగా ఉండాలంటే అస్సీ. అక్కడి నుంచి దశాశ్వమేధానికి ఘాట్ల వెంట నడిస్తే సుమారు 3 కిలోమీటర్లు. పొద్దున్నే ఆ నడకలో సగం కాశీ చూసేయొచ్చు.

పెద్దవాళ్లతో వెళ్తే సోనార్‌పురా నుంచి శివాలా దాకా ఉన్న రోడ్డు చూడండి. గోదౌలియా నుంచి అస్సీకి వెళ్లే రోడ్డే అది. ఆటో దిగి కొద్దిగా నడిస్తే కేదార ఘాట్. తెలుగు మాట వినపడుతుంది, అన్నం, పప్పు, పచ్చడి దొరుకుతాయి. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, చెయ్యి పట్టుకుని దించండి.

ఇంకో మాట. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తూ 'రివర్ వ్యూ' కోసం ఎక్కువ డబ్బు కట్టేముందు ఆలోచించండి. కాశీలో గంగ ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. 1978 వరదలో అది 73.901 మీటర్లకి చేరింది. అంత రాకపోయినా, మంచి వరదలో ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి ఒడ్డు వెంట నడవలేం. కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి జరుగుతుంది. ఆ రోజుల్లో అయితే మామూలు రేటుకి రూమ్ ఆశించకండి.

మా కథ ఎలా ముగిసిందో చెప్పలేదు కదా. రెండో రోజు రాత్రి టిఫిన్ దగ్గర పరిచయమైన ఒక గుంటూరు ఆయన మా అవస్థ విని, "బాబూ, ఆవిణ్ణి కేదార ఘాట్ దగ్గరకి మార్చెయ్" అన్నారు. మిగిలిన ఒక్క రాత్రి డబ్బులు వదులుకుని సోనార్‌పురా వైపు ఒక చిన్న రూమ్‌కి మారాం. కింది అంతస్తు, ఏసీ లేదు, టిఫిన్ లేదు. మూడో రోజు తెల్లవారకముందే అమ్మా నేనూ చెరో చెయ్యి పట్టుకుని అమ్మమ్మని దించాం. ఎరుపూ తెలుపూ చారల మెట్లు. నాలుగైదు మెట్ల కింద గంగ. ఆవిడ పాదాలు నీళ్లలో పెట్టి, సూర్యుడు పైకొచ్చేదాకా కదల్లేదు. పక్కన కూర్చున్న విజయనగరం జిల్లా ఆవిడతో మోకాళ్ల నొప్పులకి ఏం రాసుకుంటారో మాట్లాడుకుంది. "ఇంకోసారి వస్తే తిన్నగా ఇక్కడికే వద్దాం నాన్నా" అంది.

ఇంకోసారి కుదరలేదు. పోయినేడాది అమ్మమ్మ పోయింది.

గోదౌలియా అంటే గోదావరి అని నేను చదివింది ఆ తర్వాతే. ఆ రోజు మోకాళ్లు పట్టుకుని ఆవిడ కూలబడిన కొట్టు అరుగు ఆ రోడ్డు పక్కనే. పుట్టినప్పటి నుంచీ గోదారి నీళ్లు తాగిన మనిషి. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసుంటే చెప్పేవాణ్ణి, నవ్వేది.

అందుకే మీకు చెబుతున్నా. ఏ పాత ఊరికి వెళ్లినా సరే, ఫిల్టర్లు పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పేటని ఎవరి కోసం కట్టారు? నాతో వస్తున్నవాళ్లు ఎవరు? ఆ రెండూ కలిసినచోట రూమ్ తీసుకోండి. రేటింగ్ తర్వాత చూసుకోవచ్చు.