డిస్టిలరీ మురుగునీరు – విద్యుచ్చికిత్స

బురదనీటిని తేర్చుటకు కుండలో ఇండుపగింజ అరగదీయుట, పటికముక్క త్రిప్పుట మన యిండ్లలో తెలిసిన విద్యలే. నీటిలో తేలియాడు సన్నని మలినములు ఒకదాని నొకటి అంటుకొని, బరువెక్కి, అడుగునకు దిగును. ఈ పనినే విద్యుత్తుచే చేయింపవచ్చునను ఆలోచన పందొమ్మిదవ శతాబ్ది చివర లండను నగరమున పెద్దయెత్తున పరీక్షకు వచ్చినది.

1858 వేసవిలో థేమ్సునది దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే తాళలేకపోయిరి. అటుపిమ్మట బేజల్జెట్ అను ఇంజనీరు భూగర్భమున కాలువలు నిర్మింపించి, మురుగును బెక్టన్, క్రాస్‌నెస్ అను దిగువ ప్రదేశములకు తరలించెను. మురుగు నగరమును విడిచినదే కాని నదిని విడువలేదు. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అను స్టీమరు ఆ దిగువభాగముననే మునిగి ఆరువందలకు పైగా జనులు మరణించినప్పుడు, అచటి నీటి స్థితి లోకమున కంతటికిని వెల్లడియైనది.

విలియం వెబ్‌స్టర్ తండ్రి క్రాస్‌నెస్ కట్టడమును నిర్మించిన కాంట్రాక్టరు. కుమారుడు 1887లో తన విద్యుత్పద్ధతికి పేటెంటు పొంది, దానిని క్రాస్‌నెస్‌లోనే పరీక్షించెను. మురుగును ఇనుపపలకల నడుమ పారించి విద్యుత్తును పంపగా, ధనధ్రువమునుండి ఇనుము కరిగి, పటికవలెనే మలినమును ముద్దలుగా కూర్చును. ఋణధ్రువమునుండి లేచు ఉదజని బుడగలు కొంత మలినమును పైకి తేల్చును. సూత్రమున లోపము లేదు. కాని విద్యుత్తు ఆనాడు ఖరీదైన వస్తువు, పలకలును కరిగిపోవుచుండును. లండను అధికారులు సున్నమును, ఇనుపలవణమును కలిపి బురదను దింపు పద్ధతినే అవలంబించిరి. ఆ బురదను 1887 మొదలు ఓడలకెత్తి సముద్రమున పోసిరి. ఈ ఆచారము 1998 వరకు సాగినదనిన ఆశ్చర్యము కలుగక మానదు!

ఇక డిస్టిలరీ సంగతి. మన సామర్లకోటలో వెలసిన దక్కను షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ పేరులోనే పంచదారకును సారాయమునకును గల చుట్టరికము ఉన్నది. చెరకు మొలాసిస్‌ను పులియబెట్టి ఒక లీటరు ఆల్కహాలు తీసినచో 8 మొదలు 15 లీటర్ల వరకు స్పెంట్ వాష్ మిగులును. అది ముదురు గోధుమరంగుతో, పులుపుతో, వేడిగా వెలువడును. ఒక ఘనమీటరు స్పెంట్ వాష్‌లోని మలినము పూర్తిగా దహింపబడుటకు సుమారు 100 కిలోల ఆమ్లజని కావలెను. నగరపు మురుగునకు అరకిలో చాలును. ఇట్టి ద్రవము వాగున పడినచో చేపలకు ఊపిరాడదు. భూమిలో ఇంకినచో చుట్టుప్రక్కల బావులు ఎఱ్ఱబారును.

దీనినంతయు విద్యుత్తుతోనే దహింపరాదా? లెక్కవేసి చూతము. ఒక కిలో ఆమ్లజనికి సరిపడు పనికి, ఏమాత్రము వృథా లేకున్నను, 3,350 ఆంపియరు-గంటలు కావలెను. 5 వోల్టుల వద్ద అది సుమారు 17 యూనిట్లు. రోజుకు 30,000 లీటర్ల ఆల్కహాలు తీయు కర్మాగారమున, లీటరుకు 12 లీటర్ల చొప్పున, 360 ఘనమీటర్ల స్పెంట్ వాష్ వచ్చును. దానికి దినమునకు ఆరులక్షల యూనిట్లు! గాలి సోకని తొట్లలో సూక్ష్మజీవులకు అప్పగించినచో, అవి ఆ భారములో దాదాపు మూడింట రెండువంతులు తొలగించి, ఎదురు మీథేను వాయువును ఇంధనముగా ఇచ్చును. ఉచితముగా వచ్చు నౌకరు ఉండగా కూలికి మనిషిని పిలుచు టెందులకు?

అయితే ఆ నౌకరు ముట్టని వస్తువొకటి కలదు. చక్కెరలును ఆమినో ఆమ్లములును వేడికి కలిసి మెలనాయిడినులు ఏర్పడును. ఈ చర్యను 1912లో మయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించెను. రొట్టె కాలినప్పటి రంగును ఇట్టిదే. సూక్ష్మజీవులకు ఈ రంగు సులభముగా లొంగదు. మా అభిప్రాయమున విద్యుత్తునకు తగిన తావు ఇచటనే, చివరి మెట్టున. ఇనుపపలకలు వాడినచో ఆంపియరు-గంటకు ఒక గ్రాముకు పైగా ఇనుము కరిగి, రంగును ముద్దలోనికి లాగుకొనును. ఆ బురదను మరల ఎచటనో చేర్చవలెను. కరుగని ధ్రువములు వాడినచో, ద్రవములోని క్లోరైడులనుండి క్లోరిను పుట్టి రంగును విరుచును గాని, హానికరమైన క్లోరిను సంయోగములు మిగులవచ్చును. తేటయైన నీరెల్ల మంచినీరు కాదు.

1974లో జలకాలుష్య నివారణ చట్టము వచ్చినది. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రణాళిక, స్పెంట్ వాష్‌ను బయటికి వదలరాదను లక్ష్యమును డిస్టిలరీలముందు ఉంచినది. అందుచే పలు కర్మాగారములు దానిని చిక్కబరచి బాయిలర్లలో కాల్చుచున్నవి. పొటాషుగల ఆ బూడిద ఎరువుగా ఉపయోగపడుచున్నది. వెబ్‌స్టర్ పలకలు మాత్రము, ఈ ద్రవము విషయమున, ఇంకను ఎక్కువగా ప్రయోగశాల తొట్లలోనే వ్రేలాడుచున్నవి.