అగ్నినిరోధక వృక్షాలు

అగ్నినిరోధక వృక్షాలు అనగా నిప్పు సోకినపుడు త్వరగా అంటుకొనక, మంట ముందుకు సాగే వేగాన్ని తగ్గించే చెట్లు. అడవులలోను, గ్రామాల చుట్టూ ఇటువంటి చెట్లను వెడల్పైన వరుసలుగా పెంచి కార్చిచ్చును అదుపు చేసే పద్ధతిని పచ్చని అగ్నిరేఖ అనవచ్చును. ఎంతమాత్రం కాలని చెట్టు అంటూ ఏదీ లేదు. అయితే ఇవి మంట తీవ్రతను తగ్గించి, ఆర్పేవారికి కొంత వ్యవధి కల్పిస్తాయి.

తట్టుకొనే చెట్టు, ఆపే చెట్టు

ఈ రెండూ ఒకటి కావు. జామాయిల్ (నీలగిరి) చెట్టు కాలినా, దాని కాండం నుండి తిరిగి చిగుళ్ళు వస్తాయి. కాని దాని ఆకులలో మండే నూనె ఉంటుంది. ఊడిన బెరడు పట్టీలు నిప్పుతో సహా గాలికి ఎగిరి, దూరాన కొత్త మంటలు పుట్టిస్తాయి. కనుక అది తాను బ్రతుకుతుందే కాని, పక్కవాటిని కాపాడదు.

ఎంపికలో గమనించవలసినవి

* వేసవిలో కూడా ఆకులలో తేమ నిలిచి ఉండాలి.
* ఆకులలో, కలపలో మండే నూనెలు, గుగ్గిలం వంటి పదార్థాలు తక్కువగా ఉండాలి.
* ఎండుకొమ్మలు చెట్టునే అంటిపెట్టుకొని ఉండరాదు. ఉన్నచో నేలమీది మంట వాటి మీదుగా పైకొమ్మలకు ప్రాకుతుంది.
* రాలిన ఆకు త్వరగా కుళ్ళాలి, లేదా దట్టంగా అణగి తేమను పట్టి ఉంచాలి.
* చెట్టు స్థానిక నేలకు, వర్షపాతానికి తగినదై ఉండాలి.

ఉదాహరణలు

దక్షిణ చైనాలో తేయాకు కుటుంబానికి చెందిన స్కీమా సుపర్బా అనే సతతహరిత వృక్షాన్ని అగ్నిరేఖలలో విస్తారంగా పెంచుతున్నారు.

స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో 2012 జూలైలో చెలరేగిన కార్చిచ్చులో సుమారు 20,000 హెక్టార్లు కాలిపోయాయి. అక్కడి ఒక ప్రయోగక్షేత్రం చుట్టూ ఉన్న పైన్, ఓక్ చెట్లు దగ్ధమైనా, క్షేత్రంలోని మధ్యధరా సైప్రస్ చెట్లలో 1.27 శాతం మాత్రమే అంటుకొన్నాయి. ఆకులలోని తేమ, నేలపై అణగి తడిని నిలిపిన ఆకుచెత్త ఇందుకు కారణాలని పరిశోధకులు వివరించారు.

పోర్చుగల్‌లో 2017 జూన్‌లో పైన్, జామాయిల్ తోటల గుండా వ్యాపించిన మంటలలో 66 మంది మరణించారు. దరిమిలా కొన్ని గ్రామాల ప్రజలు ఊరి చుట్టూ ఉన్న జామాయిల్‌ను తొలగించి, మందమైన బెరడు గల కార్క్ ఓక్ వంటి స్థానిక వృక్షాలను నాటారు.

పరిమితులు

స్పెయిన్‌లో నిలిచిన ఆ సైప్రస్ జాతినే కాలిఫోర్నియాలో ఇళ్ళ పక్కన పెంచవద్దని అగ్నిమాపక అధికారులు హెచ్చరిస్తుంటారు. పెరటి సైప్రస్ లోపల ఎండిన ఆకు పేరుకొని, నిప్పు తగిలితే చెట్టంతా ఒక్కసారిగా భగ్గుమనడమే దీనికి కారణం. జాతి ఎంపికతో పాటు పోషణ కూడా ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది.

భారతదేశంలో

ఉత్తరాఖండ్‌లో చిర్ పైన్ చెట్ల ఎండుసూదులు వేసవి మంటలకు ప్రధాన ఇంధనం. తేమను నిలిపే బాంజ్ ఓక్ అడవులలో నిప్పు అంత సులువుగా వ్యాపించదు. నల్లమల వంటి ఆకురాల్చు అడవుల పరిస్థితి వేరు. మంటల కాలం వచ్చేసరికి చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. ఎండుటాకు, గడ్డి నేలమీద మండుతాయి. కనుక ఇక్కడ ఆకుపచ్చదనంపై మాత్రమే ఆధారపడలేము. వేసవికి ముందే గడ్డి, ఆకు తొలగించి ఫైర్ లైన్లు ఏర్పరచడం అవసరమవుతుంది.

ఇవి కూడా చూడండి

* కార్చిచ్చు
* నల్లమల అడవులు
* సామాజిక అడవులు