కదిరి కోసంబరి: వడపప్పు నుంచి క్యాబేజీ దాకా

ఫాల్గుణంలో కదిరి లక్ష్మీనరసింహస్వామి రథం కదిలితే జనం దాని మీదికి దవనం, మిరియాలు చల్లుతారు. ఆ మిరియాల్లో భక్తితో పాటు ఒక పాత రుచి కూడా నాకు కనిపిస్తుంది. తేరు గడిచిన కొద్దిరోజులకు ఉగాది, తొమ్మిదో నాటికి శ్రీరామనవమి. ఆ రోజు పానకంలో ఘాటంతా మిరియాలదే. పానకం పక్కన దోసకాయ ముక్కలు, మామిడికాయ కోరు, టెంకాయ తురుము కలిపిన నానిన పెసరబేళ్ళు ఉంటాయి. ఉప్పూ పులుపూ లేకుండా బేళ్ళు ఒక్కటే పెడితే వడపప్పు. ముక్కలు చేరి తిరగవాత పడితే కోసంబరి. పట్నాల్లో ఇప్పుడు సలాడ్, కోల్‌స్లా పేర్లతో చేసుకుంటున్న పచ్చి కూరగాయల కరకర ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కాకపోతే అది ఒకే దారిన మన కంచంలోకి రాలేదు. గుడిపండుగ దారి ఒకటి, చేనిగట్టు దారి ఒకటి. చాలాకాలం ఈ రెండూ ఒకదాన్నొకటి తాకకుండానే నడిచాయి.

ఈ నేల సంగతి ముందు చెప్పుకోవాలి. పడమటి కనుమల వానచాటున పడ్డ పీఠభూమి ఇది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులదే. కూరగాయ పండేది బావి కింద, చెరువు కింద, వానాకాలపు చేలో. వండటానికి నీళ్ళు మోయాలి, కట్టెలు ఏరుకోవాలి. ఇలాంటి చోట పొయ్యి మీదికి ఎక్కకుండానే తినగలిగేది ఏదైనా విలువైనదే. పెసర తక్కువ నీటితో, రెండు రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. పొట్టు తీసిన పెసరబేళ్ళు గంటలోపే నాని, పంటికింద మెత్తగా నలుగుతాయి. కందిబేళ్ళను ఎంత నానబెట్టినా పచ్చిగా తినలేం. మండుటెండల్లో వచ్చే పండుగ నైవేద్యంగా పెసర నిలవడానికి ఆచారంతో పాటు గింజ గుణం కూడా కారణమని నా నమ్మకం.

పాలన హద్దులు కూడా ఇక్కడి రుచిని కలగలిపాయి. కదిరి తాలూకా మొదట కడప జిల్లాలో ఉండేది. 1910లో అనంతపురం జిల్లాలో చేరింది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పడమటికి కొద్దిగా పోతే కన్నడ సీమ. అందుకే కడప కారం, అనంతపురం సంగటి, మైసూరు వైపు కోసంబరి ఒకే ఇంటి వంటగా కనిపిస్తాయి. కర్ణాటకలో కోసంబరి లేని పెళ్ళి విస్తరి ఉండదు. మహారాష్ట్రలో కోశింబీరు అంటారు, తమిళనాట కోసుమల్లి అంటారు. దక్కను అంతటా పరుచుకున్న ఈ వంటకాన్ని ఏ ఒక్క ఊరి సొత్తనడమూ సరికాదు.

రాతలో దొరికే ఆధారాలు కూడా దక్కను నుంచే మొదలవుతాయి. కల్యాణి చాళుక్యుల కాలంలో, 1025 ప్రాంతంలో రెండవ చాముండరాయుడు కన్నడంలో ‘లోకోపకార’ రాశాడు. సేద్యం, నీటిజాడలు, పరిమళాలు చెబుతూనే వంటకూ చోటిచ్చాడు. ఆ వంశపు రాజే మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో ‘మానసోల్లాసం’లో రాజభోజనాన్ని వివరంగా రాయించాడు. మన తెలుగులో ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరి సాక్ష్యం కృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’. విష్ణుచిత్తుడు అతిథులకు కాలాన్ని బట్టి ఏం పెట్టేవాడో రాయలు పద్యాలుగా కట్టాడు. వేసవి విస్తట్లో పలుచని అంబలి, నీరుమజ్జిగ, పండ్లతో పాటు వడపిందెలు ఉన్నాయి. చలికాలంలో మిరియాల పొడి, ముక్కుకెక్కే ఆవ వేసిన పచ్చళ్ళు ఉన్నాయి. కదిరికి పడమరగా ఉన్న పెనుకొండ విజయనగర రాజులకు ముఖ్యమైన కోట, తర్వాత రాజధాని కూడా. కాబట్టి ఆ పద్యాల్లోని వంటలను ఎక్కడో హంపీలో మాత్రమే ఉడికిన వంటలుగా నేను చదవలేను.

ఆ జాబితాలో మిరపకాయ లేకపోవడం మరీ ముఖ్యం. అమెరికా ఖండాల మిరప పోర్చుగీసు ఓడలతో గోవా వైపు చేరి, దక్కనులోకి పాకింది 16వ శతాబ్దిలో. అంతకుముందు పచ్చిముక్కకు ఘాటు కావాలంటే మిరియం, అల్లం, ఆవ. ఆవ ఘాటు అందరికీ తెలిసినదే గానీ దాని పనితీరు తెలిస్తే వంట మరింత బాగుపడుతుంది. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఎంజైమ్ పనిచేసి ముక్కుకెక్కే ఘాటును పుట్టిస్తుంది. గింజను కాగిన నూనెలో వేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, కమ్మదనం ఒక్కటే మిగులుతుంది. రాయల నాటి చలికాలపు పచ్చడి మొదటి పద్ధతి. ఇవాళ్టి కోసంబరి తిరగవాత రెండోది. మిరపకాయ వచ్చి కారం బరువు మోయడం మొదలుపెట్టాక ఆవ ఇలా కమ్మదనానికి పరిమితమై ఉంటుందని నా ఊహ. పానకంలో మాత్రం మిరియం కదల్లేదు. దేవుడి దగ్గర పాత రుచి ఎక్కువకాలం బతుకుతుంది.

ఇక రెండో దారి. దీన్ని ఏ రాజూ రాయించలేదు. చేనికి పోయే మనిషి సద్దిలో రాగిసంగటో కొర్రన్నమో ఉండేది. దాంతో పాటు ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ. ఎర్రగడ్డను గట్టు మీద పెట్టి పిడికిలితో గుద్ది, పొరలు విప్పి ఉప్పద్దుకొని కొరుక్కుంటారు. కత్తితో కోసినదానికన్నా గుద్దినది తియ్యగా ఉంటుందని పాతవాళ్ళు గట్టిగా చెబుతారు. వానాకాలపు చేలల్లో జొన్న, కొర్ర సాళ్ళ మధ్య అలసంద, అనప, దోస తీగెలు పాకేవి. పిల్లలు లేత అలసంద కాయలను అక్కడికక్కడే నమిలేవాళ్ళు. చేదులేని బుడమకాయ దొరికితే అదే వాళ్ళకు పండుగ. ఇది పచ్చి కూరగాయల తిండే, కరకరలాడేదే. కానీ దీనికి విస్తరి లేదు, పేరు లేదు. పండుగ కోసంబరిలోకి ఎర్రగడ్డ రాకూడదు. గట్టు మీది ముద్దలోకి పెసరబేళ్ళు, టెంకాయ రావు. కులమూ కూలీ గీసిన గీత అది. వంటల చరిత్ర రాసేవాళ్ళు మొదటి దారినే చరిత్రగా రాసి రెండోదాన్ని వదిలేస్తుంటారు. అది అన్యాయం. పచ్చి తిండి మీద బతికిన జ్ఞానం ఎక్కువగా ఉన్నది చేనిగట్టు మీదే.

ఈ రెంటినీ కలిపిన గింజ వేరుశెనగ. దక్షిణ అమెరికా పంట ఇది. 19వ శతాబ్ది చివర్లో ధర్మవరం–పాకాల రైలుదారి కదిరి మీదుగా పడింది. 20వ శతాబ్దిలో నూనెమిల్లులు, బయటి సంతలు శెనక్కాయకు గిరాకీ తెచ్చాయి. తేలిక ఎర్రనేలలో, నమ్మకం లేని వానలో కూడా కొంతైనా చేతికిచ్చే పంట కావడంతో రైతు దాన్నే పట్టుకున్నాడు. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు శెనక్కాయే. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ పంట మీదే పనిచేసి పేరు తెచ్చుకుంది. కదిరి-3, 2005లో విడుదలైన కదిరి-6, ఆ తర్వాత కదిరి-9, కదిరి లేపాక్షి రకాలు రాష్ట్రం దాటి కూడా పోయాయి. దేశంలో ఎక్కడో రైతు ‘కె-6’ అంటున్నాడంటే అందులోని అక్షరం ఈ ఊరిదే.

వేయించి దంచిన శెనక్కాయ పొడి కోసంబరిలో చేరడం చిన్న మార్పు కాదు. పచ్చి కూరగాయకు కొవ్వు తోడు కావాలి. క్యారెట్, ఆకుకూరల్లోని ఎ విటమిన్ మూలపదార్థాన్ని ఒళ్ళు పట్టించుకోవాలంటే నూనె ఉండాల్సిందే. టెంకాయ ఆ పని చేసేది గానీ ఈ కరువు నేలలో అది కొనుక్కోవాల్సిన సరుకు. శెనక్కాయ ఇంట్లో బస్తాలో ఉండేది. పైగా పొడి ముక్కల్లోంచి ఊరే నీటిని పీల్చుకుంటుంది, గిన్నె అడుగున రసం నిలవనివ్వదు. పండుగ వంటకం దీంతో పనిరోజు ఇంట్లోకి దిగింది. ఎర్రగడ్డ కూడా ఆ వెంటే వచ్చింది. పోగొట్టుకున్నదీ ఉంది. శెనక్కాయ ఒంటిపంటగా పరుచుకున్న చేలల్లో కొర్ర సాళ్ళతో పాటు బుడమ తీగెలూ పోయాయి. కంచంలోకి గింజ ఇచ్చిన పంటే చేనులోంచి కాయను తోసేసింది.

క్యాబేజీ, క్యారెట్, టమాట వచ్చిన దారి మాత్రం బెంగళూరు దారి. ఐరోపావాళ్ళు తెచ్చిన ఈ సీమ కూరగాయలు 19వ శతాబ్దిలో అక్కడి కంటోన్మెంటు అవసరాలకు చుట్టుపక్కల తోటల్లో విరివిగా పెరిగాయి. కోలారు, చిక్కబళ్ళాపురం మీదుగా సంతలకు దిగాయి. టమాట మన వైపు ఎంతగా నిలబడిందంటే, కదిరి దాటి తిరుపతి వైపు పోతే ములకలచెరువు, మదనపల్లె దేశానికే టమాట పంపే మార్కెట్లు. కోసంబరిలో టమాట వేస్తే గింజలూ గుజ్జూ తీసేయాలి, లేదంటే అరగంటలో పులుసవుతుంది. క్యాబేజీ అలా కాదు. దాని ఆకులో కరకర గట్టిది, సన్నగా తరిగితే గంటలపాటు నిలుస్తుంది. దోసకాయ కరువైన నెలల్లో క్యాబేజీ ఆ చోటు తీసుకుంది.

పచ్చి తిండి ఆరోగ్యోద్యమంగా మారిన కథలో తెలుగువాళ్ళకు పెద్ద పాత్రే ఉంది. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీజీకి రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావు తారసపడ్డారు. జబ్బులు పోవాలంటే తిండికి నిప్పు తగలకూడదన్నది గోపాలరావు వాదం. అది గాంధీజీకి నచ్చి, ఆ మే నెలలోనే తన మీద ప్రయోగం మొదలుపెట్టారు. నానబెట్టి మొలకెత్తించిన గింజలు, పచ్చి ఆకుకూర, కొబ్బరి, నిమ్మ, ఎండుద్రాక్ష తింటూ దాని గురించి ‘యంగ్ ఇండియా’లో రాశారు. విరేచనాలు పట్టుకోవడంతో ఆగస్టులో ఆపేయాల్సి వచ్చింది. తర్వాతి తరాల్లో ప్రకృతి ఆశ్రమాలు, ఈ మధ్య మంతెన సత్యనారాయణరాజు ప్రసంగాలు మొలకలనూ పచ్చి కూరగాయలనూ ఇంటింటికీ చేర్చాయి. గాంధీజీ ప్రయోగం నుంచి నాకు తోచేది ఒకటే. పూటంతా పచ్చితిండితో గడపమని కోసంబరి ఎన్నడూ అడగలేదు. వేడన్నం పక్కన, సంగటి పక్కన పిడికెడుగా నిలబడింది. అందుకే ఇన్ని శతాబ్దాలు నిలిచింది.

కోల్‌స్లా డచ్చివాళ్ళతో అమెరికా చేరి, మయొనైజ్ పూసుకొని మన బేకరీల దాకా వచ్చింది. వేయించిన కోడిమాంసం పక్కన చిన్న డబ్బాలో పెట్టి ఇస్తున్నారు. క్యాబేజీ మీద నాకే కోపమూ లేదు, ఆ పూత మీదే నా అభ్యంతరమంతా. పచ్చిగుడ్డుతో చేసింది ఎండల్లో గంటలు నిలవుంటే ప్రమాదం. కలుషిత ఆహారంతో జనం జబ్బుపడ్డాక 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం అలాంటి మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. శెనక్కాయ పండే నేలలో, 40 డిగ్రీల వేసవిలో ఆ తెల్లపూత అవసరమే లేదు. నిమ్మరసమూ శెనక్కాయ పొడీ ఆ పని అంతకన్నా బాగా చేస్తాయి.

నలుగురికి ఇలా చేసుకోవచ్చు. పావు గ్లాసు పెసరబేళ్ళు కడిగి గంటసేపు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వార్చాలి. క్యాబేజీ పావు ముక్కను పై ఆకులు తీసి, ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డలో ఆరబెట్టి దారాల్లా తరగాలి. ఒక క్యారెట్ కోరు, ఒక దోసకాయ సన్నముక్కలు, కాలమైతే పుల్లమామిడి కోరు రెండు గుప్పిళ్ళు. దోసకాయ ముక్క ముందు నోట్లో వేసుకొని చేదు చూడాలి. వడలిన కూరగాయలను తరగకముందు చల్లని కుండనీళ్ళలో వేస్తే కణాల్లోకి నీరు చేరి బిగువు తిరిగొస్తుంది. ఉప్పు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. అందుకే ఉప్పూ నిమ్మరసమూ సరిగ్గా వడ్డించబోయే ముందు మాత్రమే వేయాలి. మామిడి ఉంటే నిమ్మ అక్కర్లేదు.

చెంచాడు శెనక్కాయ నూనెలో ఆవాలు, ఇంగువ, రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు తిరగవాత పెట్టి, వేడి కాస్త తగ్గాక ముక్కల మీద వేయాలి. మరుగుతున్నది పోస్తే క్యాబేజీ వాడిపోతుంది. కొత్తిమీర, కచ్చాపచ్చాగా దంచిన శెనక్కాయ రెండు చెంచాలు చివర్లో. పండుగ కాకపోతే ఎర్రగడ్డను గుద్ది, పొరలు చీల్చి కలుపుకోవచ్చు. వేసవిలో దీన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. నానిన పెసర త్వరగా పులుస్తుంది. మిగిలేలా ఉందనిపిస్తే, ఉప్పు కలపకముందే కొంత తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి గట్టి పెరుగులో వేసి సంగటికి నంజుకోవచ్చు.