మాంసం తింటే ఎముకలు కరుగుతాయా?

గుడ్లు, చికెన్ ఎక్కువ తింటే కాల్షియం పోయి ఎముకలు గుల్లబారతాయని మన రూముల్లో ఇప్పటికీ అంటుంటారు. బరువులు మోసేవాళ్లం, ఆ మాటకి భయపడి పచ్చడి అన్నంతో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన కథ ఇది.

కెనడాలోని మానిటోబాలో, ఐస్‌లాండ్ నుంచి వలసొచ్చిన ఇంట్లో 1879లో పుట్టాడు విల్‌యాల్మర్ స్టెఫాన్సన్. మనలాగే వలసోళ్ల బిడ్డ. ఉత్తరాన మంచులో ఇన్యూట్ జనంతో ఏళ్లపాటు ఉండి, వాళ్లు తినే మాంసం, చేపలే తిన్నాడు. ఎవరూ నమ్మకపోతే 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి డాక్టర్ల కంట్లోనే ఇంకొకతనితో కలిసి ఏడాది మాంసం మీద బతికి చూపించాడు. ఇద్దరూ బాగానే ఉన్నారు.

అయినా అనుమానం పోలేదు. ప్రోటీన్ పెంచితే మూత్రంలో కాల్షియం పెరుగుతోంది, ఇది నిజమే. మాంసం వల్ల పుట్టే ఆమ్లాన్ని చల్లార్చడానికి ఎముక కరుగుతుందని 1968లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు రాశారు. 1974లో ఉత్తర అలాస్కా ఇన్యూట్‌ల ఎముకలు కొలిస్తే, నలభై దాటినవాళ్లలో తెల్లవాళ్ల కన్నా 10-15 శాతం ఖనిజం తక్కువ తేలింది. ఇంకేం, నేరం మాంసం మీద పడింది. నెలల తరబడి ఎండ లేని చోటు, పాలు లేని తిండి అన్న సంగతి వెనక్కి పోయింది.

సైట్ భాషలో చెప్తా. డ్రైనేజీలో నీళ్లు ఎక్కువొస్తే ట్యాంకు లీకని రాసేస్తామా? ముందు ఇన్‌లెట్ చూడాలి కదా! ఆ ఇన్‌లెట్‌ని 2005లో చూశారు, అమెరికాలో. 13 మంది ఆడవాళ్లకి కిలో బరువుకి 1 గ్రాము ప్రోటీన్ పెట్టినప్పుడు పేగులు 18.5 శాతం కాల్షియం పీల్చాయి. 2.1 గ్రాములు పెడితే 26.3 శాతం. మూత్రంలో అదనంగా కనిపించింది దాదాపు అంతా తిండి నుంచి వచ్చిందే. 2009లో కాల్గరీ యూనివర్సిటీకి చెందిన టానిస్ ఫెంటన్ బృందం పాత ప్రయోగాల్లో గట్టివి ఏరి మళ్లీ లెక్కేసింది. ఆమ్లం పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది గానీ ఒంట్లో మొత్తం నిల్వ తగ్గుతున్నట్టు తేలలేదు.

అలాగని ఉత్త చికెన్ తింటే చాలదు. లోపలికి కాల్షియం రావాలి. పెద్దలకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలంటారు. గ్లాసు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగిపిండిలో 300 పైనే. ఇక్కడి చలికాలం ఎండతో విటమిన్ డి తయారవదు, అందుకే కెనడాలో ఆవుపాలలో దాన్ని కలిపి అమ్మాలని రూలుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ల లెక్క మాత్రం వేరు, ప్రోటీన్ ఎంతో డాక్టర్‌నే అడగాలి.