గుడ్ల లెక్క – జాతి మేలు

జీవి బ్రతుకుటకు గాలి కావలెను, నీరు కావలెను, ఆహారము కావలెను. సంతానము మాత్రము అక్కరలేదు. గొడ్డుటేనుగు కూడ తక్కిన ఏనుగులవలెనే మేయును, తిరుగును. పైగా సంతానమును కని పెంచుట జీవికి ఎంతో ఖర్చుతో కూడిన పని. పసిఫిక్ సముద్రపు సాల్మన్ చేపలలో పెక్కు రకములు నదులలో ఎదురీది వచ్చి, గుడ్లు పెట్టిన కొలది దినములకే మరణించును. అయినను జీవులన్నియు ఈ పనికి పూనుకొనుచునే యున్నవి. ఎందువలన?

"తమ జాతిని నిలుపుకొనుటకు" అనునది తరగతి గదులలో తరచు వినవచ్చు సమాధానము. వినుటకు ఇది సమంజసముగనే యుండును. కాని దీనిని పరీక్షించుటకు ఒక మార్గము కలదు. జీవి సంతానమును ఎందుకు కనునని అడుగుటతో ఆగక, ఇన్నింటినే ఎందుకు కనునని కూడ అడుగవలెను. కాడ్ చేప ఒక్క ఋతువులో లక్షలకొలది గుడ్లు విడుచును. ఏనుగు 22 నెలలు మోసి సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. ఈ సంఖ్యలను నిర్ణయించునది ఏది? ఈ చిన్న ప్రశ్నయే జీవశాస్త్రములో పెద్ద వివాదమునకు దారి తీసినది.

ప్రాచీనుల ఊహలు

క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దీనికి దైవసంకల్పమును కారణముగా చెప్పెను. పిరికివై ఇతర జంతువులకు ఆహారమగు కుందేలు వంటి వాటికి దైవము అధిక సంతానము నిచ్చెననియు, క్రూరజంతువులకు స్వల్ప సంతానము నిచ్చెననియు అతని భావము. ఆడుసింహము జీవితములో ఒక్క పిల్లనే కనుననియు, ఆ పిల్ల గోళ్ళతో తల్లి గర్భకోశమును చీల్చి పాడుచేయుననియు కూడ అతడు వ్రాసెను.

తరువాతి శతాబ్దమున అరిస్టాటిల్ ఈ సింహపు కథను అర్థము లేనిదని త్రోసివేసెను. జంతువు తిన్న ఆహారము శరీరము పెరుగుటకైనను వినియోగము కావలెను, సంతానమునకైనను వినియోగము కావలెను. కనుకనే పెద్ద జంతువులకు సంతానము తక్కువ యని అతడు తలచెను. శరీరమునకు ఆదాయవ్యయములు కలవను ఈ ఊహ రెండువేల సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట మరల ముందుకు వచ్చినది.

డార్విన్ ఏనుగులు

మాల్థస్ 1798లో జనాభాను గూర్చి వ్రాసిన గ్రంథమును ఛార్లెస్ డార్విన్ 1838లో చదివెను. పుట్టినవన్నియు బ్రతికినచో భూమి చాలదను విషయము ఆయన మనస్సున నాటుకొనెను. 1859లో వెలువడిన 'జాతుల ఉత్పత్తి'లో ఆయన ఏనుగును ఉదాహరణగా గైకొనెను. ఏనుగు 30 ఏండ్ల వయస్సు నుండి 90 ఏండ్ల వరకు ఆరు పిల్లలను మాత్రమే కనుననుకొన్నను, ఒక్క జంట సంతతి అయిదు శతాబ్దములలో కోటి 50 లక్షలగునని లెక్కించెను. ఈ లెక్క తప్పని 1869లో ఒక పత్రికకు ఉత్తరము వచ్చినది. డార్విన్ లెక్కను సవరించి, సుమారు 750 సంవత్సరములలో కోటి 90 లక్షలగునని తరువాతి కూర్పులలో ప్రకటించెను. అంకెలు మారినను సారాంశము మారలేదు. అత్యల్ప సంతానము కల జీవి సైతము అడ్డు లేనిచో భూమిని నింపివేయగలదు.

అట్లు జరుగుట లేదు కనుక పుట్టినవానిలో అధికభాగము నశించుచున్నదని తేలినది. జీవుల సంఖ్య నిలకడగా నున్నచోట, ఒక జంట ఎన్ని గుడ్లు పెట్టినను, సగటున రెండే బ్రతికి తల్లిదండ్రుల స్థానమును ఆక్రమించును. ఒక్క గుడ్డునే పెట్టు ఫుల్మార్ అను సముద్రపక్షి ప్రపంచమున అత్యధిక సంఖ్యలో నున్నదని నమ్ముచున్నారని డార్విన్ గుర్తుచేసెను. అనగా గుడ్ల సంఖ్యకును జాతి విస్తృతికిని సూటియైన సంబంధము లేదు.

అయినను, చచ్చునన్ని పుట్టునట్లుగా ప్రకృతి జాతికి సరిపడు సంఖ్యను ఏర్పరచినదను అభిప్రాయము 20వ శతాబ్దమున కూడ చాలకాలము నిలిచియుండెను.

బడిపంతులు చేసిన లెక్క

ఈ అభిప్రాయమును ఎదిరించినవాడు డేవిడ్ లాక్ (1910–1973). ఈయన ఇంగ్లండులోని డార్టింగ్టన్ హాల్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి, తీరిక వేళలలో రాబిన్ పక్షుల కాళ్ళకు రంగు వలయములు తొడిగి వాటి జీవితమును పరిశీలించెను. 1945లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎడ్వర్డ్ గ్రే సంస్థకు డైరెక్టరయ్యెను.

1947లో 'ఐబిస్' పత్రికలో లాక్ తన వాదమును ప్రకటించెను. తల్లిదండ్రులు సగటున ఎన్ని పిల్లలను మేపి పెంచగలవో, పక్షి ఒక తడవకు అన్ని గుడ్లు పెట్టును. అంతకు తక్కువ పెట్టిన పక్షికి సంతతి తక్కువ. అంతకు ఎక్కువ పెట్టినను పిల్లలకు మేత చాలక బ్రతికి బయటపడునవి తగ్గిపోవును. కావున మధ్యస్థమైన సంఖ్యయే ప్రకృతి వరణమున నిలుచును. ఇందు జాతి మేలు ప్రసక్తి లేదు.

మన గోరువంకకు జ్ఞాతియైన స్టార్లింగ్ ఇందుకు సాక్ష్యమిచ్చినది. స్విట్జర్లాండులో వలయములు తొడిగిన స్టార్లింగుల లెక్కలను లాక్ పరిశీలించెను. అయిదుకు మించి పిల్లలున్న గూళ్ళ నుండి బ్రతికి మిగిలినవి, అయిదు పిల్లలున్న గూళ్ళ కంటె ఎక్కువ లేవు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియము గోపురములో స్విఫ్ట్ పక్షులు గూళ్ళు కట్టును. ఇవి గాలిలో ఎగురు పురుగులను మాత్రమే తినును. రెండు లేక మూడు గుడ్లు పెట్టును. లాక్ గోపురములో అద్దపు పలకలు గల గూటిపెట్టెలను అమర్చి చూచెను. ఎండ కాయు వేసవులలో మూడు పిల్లల గూళ్ళు లాభించెను. చలియు వానయు కల వేసవులలో రెండు పిల్లల గూళ్ళే మేలనిపించెను. తరువాత క్రిస్టఫర్ పెరిన్స్ కొన్ని గూళ్ళలో నాలుగవ పిల్లను చేర్చెను. 1964లో ప్రకటించిన ఫలితము ప్రకారము, నాలుగు పిల్లల గూళ్ళ నుండి ఎగిరిపోయినవి మూడు పిల్లల గూళ్ళ కంటె తక్కువ! నోరు పెరిగిన కొలది మేత పెరుగలేదు.

సంయమమా, స్వలాభమా?

ఇంతలో 1962లో అబర్డీన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వైన్-ఎడ్వర్డ్స్ ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. ఆహారము అడుగంటకుండుటకై జంతువులు తమ సంతానమును తామే తగ్గించుకొనునని ఆయన వాదము. స్టార్లింగులు సాయంకాలము గుంపులుగా చేరి ఎగురుట తమ సంఖ్యను తాము అంచనా కట్టుకొనుటకే అని ఆయన భావించెను.

ఈ వాదము మనోహరమైనదే. కాని దీనిలో ఒక చిక్కు కలదు. ఒక అడవిలో పక్షులన్నియు అయిదింటిని పెంచగలిగియు జాతి మేలు కోరి మూడు గుడ్లే పెట్టుచున్నవనుకొందము. వాటి నడుమ అయిదు గుడ్లు పెట్టు పక్షి ఒకటి పుట్టినది. ఆ గుణము దాని పిల్లలకు సంక్రమించును. ప్రతి తరములోను దాని సంతతి పెరుగును, సంయమము గలవాని సంతతి తరుగును. కొన్ని తరములకు సంయమము అంతరించును. 1966లో లాక్‌యు, అమెరికాలో జార్జి విలియమ్స్‌యు వేరువేరు గ్రంథములలో వైన్-ఎడ్వర్డ్స్ వాదమును ఖండించిరి. అటుపిమ్మట జీవశాస్త్రజ్ఞులలో అత్యధికులు ఈ పక్షమునే అంగీకరించిరి.

తల్లి ఆయువు కూడ లెక్కలోనిదే

అయితే లాక్ లెక్కయు పూర్తి కాలేదు. ఆక్స్‌ఫర్డ్ చెంత వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ పక్షులపై 1947లో ఆరంభమైన పరిశీలన నేటికిని సాగుచున్నది. 1987లో బాయిస్, పెరిన్స్ చేసిన విశ్లేషణలో ఒక వింత బయటపడినది. ఆ పక్షులు సగటున ఎనిమిదిన్నర గుడ్లు పెట్టుచుండగా, అత్యధిక సంతతి మిగిలినది పన్నెండు గుడ్ల గూళ్ళ నుండి! పక్షులు తమ శక్తి కంటె తక్కువ పెట్టుచున్నట్లే కదా?

దీనికి కూడ జాతి మేలు కారణము కానక్కరలేదు. అన్ని వత్సరములు ఒక్కతీరుగ నుండవు. గొంగళిపురుగులు కరవైన ఏట పెద్ద సంసారము పూర్తిగా దెబ్బతినును. మరియు నేడు పడిన శ్రమ రేపటి సంతానమునకు ఎసరు పెట్టవచ్చును. స్వీడన్‌లోని గోట్లండ్ దీవిలో ఫ్లైక్యాచర్ పక్షుల గూళ్ళలో గుస్తాఫ్‌సన్, సదర్లాండ్ అదనపు పిల్లలను చేర్చి చూచిరి. ఆ తల్లులు తరువాతి సంవత్సరములలో తక్కువ గుడ్లు పెట్టినట్లు 1988లో వారు ప్రకటించిరి. కావున లెక్కించవలసినది ఒక తడవ కాదు, జీవితకాలమంతయు. అరిస్టాటిల్ ఊహించిన ఆదాయవ్యయముల పట్టిక ఈ విధముగా కొత్త రూపున తిరిగి వచ్చినది.

ఇక మొదటి ప్రశ్న. జీవులు జాతిని నిలుపుటకై సంతానమును కనుట లేదు. నేడున్న ప్రతి జీవియు, సంతానమును విడిచిన పూర్వుల వంశములోనిదే. సంతానము లేని వంశము మనకు కనబడుటకు మిగిలియుండదు. కనుకనే సంతానమును కను స్వభావము సర్వత్ర కానవచ్చుచున్నది. జాతి నిలుచుట దీని ఫలితము, ఉద్దేశము కాదు. ఫలితమునకును ఉద్దేశమునకును గల ఈ భేదమును తరగతిలో ఒక్క గూటి లెక్కతో విద్యార్థికి తెలియజేయవచ్చును. అది తెలిసిన విద్యార్థికి పరిణామవాదములో సగము బోధపడినట్లే.