తెర మీద సగం, మనసులో సగం

సినిమా తెర మీద నిజానికి ఏదీ కదలదు. సాధారణంగా సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతుంటాయి. నడక, పరుగు, పోరాటం, నాట్యం అన్నీ మన మెదడు కల్పించుకునేవే. నటుడి ముఖంలో లేని భావాన్నీ, రెండు షాట్ల మధ్య చూపించని కథనూ పూరించేదీ మనసే. ఈ సత్యాన్ని శాస్త్రవేత్తలు ఒక దారిలో, సినిమా తీసేవాళ్లు మరో దారిలో రెండు శతాబ్దాలుగా కొంచెం కొంచెంగా తెలుసుకుంటూ వచ్చారు.

తిరిగే బండిచక్రాన్ని నిలువు సందుల్లోంచి చూస్తే ఆకులు వంగినట్టు కనిపిస్తాయి. ఆ భ్రాంతికి కారణాన్ని 1824లో పీటర్ మార్క్ రోజే లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. 1832లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో ఒక చక్రం మీద వరసగా బొమ్మలు గీసి, అద్దంలో అవి ఆడుతున్నట్టు చూపించాడు. చూసిన బొమ్మ కంట్లో క్షణకాలం నిలిచిపోవడం వల్లే ఇదంతా జరుగుతుందని ఆనాటి నమ్మకం. 1895 డిసెంబరు 28న పారిస్ గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి సినిమా చూపించినప్పుడూ, మరుసటి ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో ఆ చిత్రాలు ఆడినప్పుడూ అందరూ చెప్పుకున్న కారణం ఇదే.

ఆ నమ్మకాన్ని కదిలించినవాడు మనస్తత్వవేత్త మాక్స్ వర్థైమర్. 1912లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆయన రెండు గీతలను వెంటవెంటనే చూపించాడు. వ్యవధి ఎక్కువైతే అవి విడివిడిగా కనిపించాయి. మరీ తక్కువైతే రెండూ ఒకేసారి కనిపించాయి. సుమారు 60 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు మాత్రం ఒకే గీత జరిగినట్టు తోచింది. బొమ్మ కంట్లో నిలిచిపోవడమే కారణమైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి గానీ, జరగకూడదు కదా! కాబట్టి కదలిక పుట్టేది మెదడులోనే. మనసు విడి భాగాలను కాక మొత్తాన్నే గ్రహిస్తుందనే గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రానికి ఈ ప్రయోగాలే పునాది.

నాలుగేళ్ల తర్వాత, 1916లో, హార్వర్డ్ ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ ఈ ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించాడు. పండితులు సినిమాకు వెళ్లడం నామోషీ అనుకునే కాలంలో సినిమా మీద మనస్తత్వ గ్రంథం రాశాడు. మనం దేని మీదైనా దృష్టి పెడితే మిగతాదంతా మసకబారుతుంది, క్లోజప్ చేసేదీ అదే. గతం గుర్తుకొస్తే వర్తమానం పక్కకు తప్పుకుంటుంది, ఫ్లాష్‌బ్యాక్ చేసేదీ అదే. సినిమా కథను మనసు నడిచే తీరులోనే నడిపిస్తుందన్నది ఆయన సిద్ధాంతం. అదే ఏడాది డిసెంబరులో ఆయన మరణించాడు. ఆ పుస్తకాన్ని లోకం కొన్ని దశాబ్దాలు మరిచిపోయింది.

అదే సత్యాన్ని రష్యన్ దర్శకులు కత్తెరతో కనుక్కున్నారు. నటుడు మొజుఖిన్ ముఖాన్ని చూపే ఒకే షాటును లెవ్ కులెషోవ్ సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఆడుకుంటున్న పాప పక్కన అతికించాడు. ఆ ముఖంలో ప్రేక్షకులు గాఢమైన ఆలోచనను, దుఃఖాన్ని, సంతోషాన్ని చూసి నటనను మెచ్చుకున్నారని దర్శకుడు పుడోవ్‌కిన్ రాశాడు. ఆ ఫిల్ము ఇప్పుడు దొరకదు. తర్వాతి పరిశోధకులు మళ్లీ ప్రయత్నించినప్పుడు అందరికీ ఒకే ఫలితం రాలేదు. అయినా పక్క షాటు ముఖానికి అర్థాన్నిస్తుందన్న ఎరుకతోనే నేటికీ ప్రతి ఎడిటరూ పని చేస్తున్నాడు. 1925లో ఐసెన్‌స్టీన్ ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’లో పడుకున్న సింహం, తలెత్తిన సింహం, లేచిన సింహం అనే మూడు రాతి విగ్రహాలను వరసగా చూపించాడు. ప్రేక్షకుడి మనసులో ఒకే సింహం ఆగ్రహంతో లేచింది. వర్థైమర్ గీతలకు వచ్చిన కదలికకు ఇక్కడ అర్థం కూడా తోడైంది.

మనసు లోలోతులను తెరకెక్కించే ప్రయత్నాలూ అప్పుడే మొదలయ్యాయి. సినిమాతో చేయి కలపడానికి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఒప్పుకోలేదు. ఆయన శిష్యులు కార్ల్ అబ్రహాం, హాన్స్ శాక్స్ మాత్రం 1926లో విడుదలైన, దర్శకుడు పాబ్‌స్ట్ తీసిన ‘సీక్రెట్స్ ఆఫ్ ఎ సోల్’కు సలహాలిచ్చారు. 1945లో విడుదలైన ‘స్పెల్‌బౌండ్’లోని కల కోసం దర్శకుడు హిచ్‌కాక్ చిత్రకారుడు డాలీని పిలిపించుకున్నాడు.

ఈ శతాబ్దంలో ప్రయోగశాలే సినిమాను వెతుక్కుంటూ వచ్చింది. మెదడు శాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం స్కానర్లో పడుకున్నవారికి సినిమాలు చూపించి మెదళ్లను పరిశీలించింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ కథ చూస్తున్నప్పుడు ప్రేక్షకుల మెదడు పైపొరలో 65 శాతానికి పైగా భాగం ఒకే తీరుగా స్పందించింది. ఎడిటింగ్ లేకుండా పార్కులో తీసిన దృశ్యానికి అది 5 శాతం కూడా లేదు. వేర్వేరు మనసులను ఒకే దారిలో నడిపించే శక్తి కూర్పుకు ఉందని దీంతో అంకెల్లో తేలింది. అంకె ఎక్కువైనంత మాత్రాన సినిమా గొప్పదైపోదు. ప్రేక్షకుణ్ణి తనకు తానుగా ఆలోచించుకోనిచ్చే మంచి చిత్రానికి ఆ అంకె తక్కువే రావచ్చు.

ఈ చరిత్ర దర్శకుడికి ఎంత అవసరమో ప్రేక్షకుడికీ అంతే అవసరం. ముఖం పక్కన శవపేటిక పెట్టి దుఃఖం పుట్టించగలిగినట్టే, ఒక మనిషి ముఖం పక్కన తగలబడుతున్న ఇల్లు పెట్టి ద్వేషమూ పుట్టించవచ్చు. వార్తా చానళ్లలో, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోల్లో ఈ పని రోజూ జరుగుతోంది. మన బడుల్లో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం నేర్పుతున్నాం. మన పిల్లలు పద్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చూస్తున్న దృశ్యానికీ తాత్పర్యం నేర్పాలి. ఏ షాటు పక్కన ఏ షాటు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగడం హైస్కూల్లోనే అలవాటు చేయాలి.